కాస్కేడ్ అడవుల్లో వారం రోజుల బాట పని: పేరు ఇవ్వడం నుంచి పనిముట్లు లెక్కపెట్టడం దాకా

వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ పర్వతాల్లో బాటలు వాటంతట అవి నిలవవు. చలికాలపు గాలివానలకు హెమ్‌లాక్, డగ్లస్ ఫర్ చెట్లు వేళ్లతో సహా లేచి దారికి అడ్డంగా పడతాయి. వేసవి మొదట్లో కరిగిన మంచునీరు బాటనే కాలువ చేసుకుని దిగుతుంది. ఆ తర్వాత సాల్మన్‌బెర్రీ, థింబుల్‌బెర్రీ పొదలు రెండు వైపుల నుంచీ కమ్ముకొస్తాయి. వీటిని సరిచేసే చేతుల్లో చాలా చేతులు జీతం తీసుకోనివే. 1966లో పుట్టిన వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్, మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 2,650 మైళ్లు సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌ను చూసుకునే అసోసియేషన్, ఇంకా చిన్న చిన్న స్థానిక బృందాలు ఏటా జనాన్ని పనిముట్లతో అడవిలోకి తీసుకెళ్తాయి. సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లు శని, ఆదివారాల్లో పిల్లలతో నడిచే బాటల మీద కూడా ఆ చేతుల పని ఉంది. నడిచేవాళ్లలో కొందరు వారం రోజులు పనికి కూడా వస్తే బాగుంటుందని, వచ్చేవాళ్లు తయారై రావాలని ఇదంతా రాస్తున్నాం.

బాట పని అంటే చాలామంది కొత్త దారి తవ్వడం అనుకుంటారు. నిజానికి ఎక్కువ రోజులు గడిచేది ఉన్న దారి మీద నుంచి నీటిని పక్కకు దింపడంలోనే. రాతిమెట్లు కట్టినా, గోడ పేర్చినా, అంచు చెక్కినా చివరికి అన్నీ ఆ పనికే. ఇది మనసులో ఉంటే బృంద నాయకుడు చెప్పే ప్రతి సూచనకూ కారణం మీకే తడుతుంది.

ఏ యాత్రకు పేరు ఇవ్వాలి

మొదటిసారే వారం రోజుల యాత్రకు వెళ్లకండి. ఊరికి దగ్గర్లో జరిగే ఒక్కరోజు పనికి రెండుసార్లు వెళ్లండి. పొద్దున మొదలై మధ్యాహ్నం మూడు, మూడున్నరకు అయిపోతుంది, హెల్మెట్టు, పనిముట్లు వాళ్లే ఇస్తారు. మరునాడు నడుము, అరచేతులు, మోకాళ్లు ఏమంటున్నాయో చూసుకుని అప్పుడు పెద్ద యాత్ర సంగతి ఆలోచించండి.

వారం యాత్రల్లో మూడు రకాలు ఉంటాయి. మొదటిది కారు వెళ్లే చోట గుడారాలు వేసుకుని రోజూ పనిచోటికి నడిచి వెళ్లేది. రెండోది లోపల ఐదారు మైళ్ల దూరంలో మకాం పెట్టేది, దీనికి వంటసామాను, పనిముట్లు గుర్రాలో కంచర గాడిదలో మోస్తాయి. మూడోదాంట్లో అంతా మన వీపు మీదే. ప్రకటనలో "మధ్యస్థం", "కష్టం" అని రాసిన మాటలను నమ్ముకోకుండా నేరుగా ఇవి అడగండి: మకాం దాకా ఎన్ని మైళ్లు, ఎన్ని అడుగుల ఎక్కుడు? మకాం నుంచి పనిచోటు ఎంత దూరం? నా సామానుతో పాటు పనిముట్లు కూడా మోయాలా? వంట ఎవరిది? ఏ పని: పొదలు కొట్టడమా, దుంగలు కోయడమా, రాళ్ల పనా? రాళ్ల పని వారంపాటు చేయడానికీ, పొదల పని చేయడానికీ చాలా తేడా ఉంది.

ఫెడరల్ అడవుల్లో పనికి ముందు స్వచ్ఛంద సేవ ఒప్పందం మీద సంతకం పెట్టిస్తారు. విసుగనిపించినా చదవండి. జాతీయ అడవుల్లో స్వచ్ఛంద సేవ గురించి 1972లో చట్టం చేశారు. ఆ ఒప్పందంలో రాసిన పని చేస్తూ గాయపడితే, పరిహారం విషయంలో మిమ్మల్ని ఫెడరల్ ఉద్యోగితో సమానంగా చూస్తారు. అంటే ఒప్పందంలో లేని పని చేయబోయి దెబ్బ తగిలించుకుంటే ఆ రక్షణ ఉండకపోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు ఆ సంగతి దరఖాస్తు దశలోనే సమన్వయకర్తకు రాసి స్పష్టం చేసుకోండి, పనిచోటికి వెళ్లాక కాదు.

ఎత్తైన చోట్ల మంచు కొన్నేళ్లు జులై మధ్యదాకా ఉంటుంది. జులైలో దోమలు, ఆగస్టు, సెప్టెంబరులో కార్చిచ్చుల పొగ. పొగ ఎక్కువైతే యాత్ర చివరి నిమిషంలో రద్దవుతుంది, లేదా వేరే చోటికి మారుతుంది. కాబట్టి సెలవు పెట్టేటప్పుడు దాని తర్వాత వెంటనే భారత్ ప్రయాణం లాంటివి పెట్టుకోకండి.

ఒంటిని సిద్ధం చేసుకోవడానికి ఆరు వారాలు చాలు. ఇంట్లో ఉండే 20 పౌన్ల సోనామసూరి సంచిని వీపు సంచిలో పెట్టుకుని వారానికి మూడుసార్లు మెట్లో గుట్టో ఎక్కి దిగండి. చివరి రెండు వారాల్లో బరువు 35 పౌన్లకు పెంచండి. దిగడం తప్పనిసరి, ఎందుకంటే మోకాళ్లు నొప్పి పెట్టేది ఎక్కేటప్పుడు కాదు. బూట్లు కొత్తవైతే ఈ ఆరు వారాల్లోనే కాలికి అలవాటు కావాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి.

సంచిలో ఏముండాలి

పనికి: చీలమండ కప్పే గట్టి బూట్లు, పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, తోలు చేతి తొడుగులు రెండు జతలు (ఒకటి తడిస్తే ఇంకోటి), కంటికి రక్షణ అద్దాలు. మామూలు కళ్లజోడు రాతి ముక్కల నుంచి కాపాడదు, దాని మీద పెట్టుకునే రక్షణ అద్దాలు దొరుకుతాయి. బట్టల్లో నూలు వద్దు. ఈ ప్రాంతంలో జులైలో కూడా 45 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర సన్నటి వాన పడుతుంది. తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది, ఆరదు. ఉన్నిగానీ పాలియెస్టర్‌గానీ మంచిది. వాన కోటు, వాన ప్యాంటు రెండూ కావాలి. తడి పొదల మధ్య పనిచేస్తే వాన పడకపోయినా నడుము కింద అంతా తడుస్తుంది.

మకాంకి: గుడారం, 20 నుంచి 30 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు సరిపడే నిద్రసంచి, కింద పరుచుకునే మెత్త, తలకు కట్టే దీపం, ఈల, మూడు లీటర్ల నీళ్లకు సీసాలు. రాత్రికి వేసుకునే పొడి బట్టల జత ఒకటి ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి వేరుగా ఉంచండి. ఎంత తడిసినా ఆ జతను పనికి వాడకండి. పొద్దున తడి బట్టలే మళ్లీ వేసుకోవడం ఇష్టం ఉండదు, కానీ రాత్రి వణుకుతూ పడుకోవడం అంతకన్నా ప్రమాదం.

మందులు వారానికి కాదు, పది రోజులకు తెచ్చుకోండి. మధుమేహం, రక్తపోటు, ఆస్తమా, కందిరీగ కుడితే ఒళ్లు ఉబ్బే తత్వం, ఏది ఉన్నా నాయకుడికి ముందే చెప్పండి. మనవాళ్లు ఇవి దాచిపెడతారు, పనికి వద్దంటారేమోనని. దాదాపు ఎవరూ వద్దనరు. చెప్పకపోతే మాత్రం మీరు తూలి పడ్డప్పుడు చక్కెర పడిపోయిందని ఎవరికీ తోచదు. చాలా చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. ఉపగ్రహ సందేశ పరికరం నాయకుడి దగ్గర ఉంటుంది, కానీ సాయం రావడానికి గంటలు పడుతుంది.

తిండి, నీళ్లు

కొన్ని యాత్రల్లో భోజనం సంస్థదే, అందరూ వంతులవారీగా వండుతారు. అలాగైతే శాకాహారమా, గుడ్డు తింటారా అనేది దరఖాస్తులోనే స్పష్టంగా రాయండి. "వెజిటేరియన్" అంటే కొందరు చేపలు తింటారనుకుంటారు. సొంత తిండి తెచ్చుకోమంటే మనిషికి రోజుకు ఒకటిన్నర నుంచి రెండు పౌన్ల పొడి సరుకు లెక్కపెట్టుకోండి.

మనవాళ్లు తరచూ చేసే పొరపాటు కందిపప్పు తేవడం. 5,000 అడుగుల ఎత్తులో నీళ్లు సుమారు 203 డిగ్రీల ఫారెన్‌హీట్‌కే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా గ్యాసు అయిపోతుంది. ఇంట్లోనే నేతిలో పోపు పెట్టి వేయించిన ఉప్మా రవ్వ, మరిగే నీళ్లు పోస్తే నానే అటుకులు, వేడి నీళ్లతో సిద్ధమయ్యే పొడి అన్నం, దాని మీదకు కందిపొడి, నువ్వులపొడి తెచ్చుకుంటే పని సులువు. పనిచోటికి చపాతీ చుట్టలు, వేరుశనగ చిక్కీ, జీడిపప్పు, ఖర్జూరం. ఉప్పుగా ఉండేది ఏదో ఒకటి జేబులో ఉండాలి, ఎందుకంటే రోజంతా చెమట పట్టి ఒట్టి నీళ్లే తాగితే తలనొప్పి, తిమ్మిర్లు వస్తాయి.

ఆవకాయ తేవచ్చు, కానీ అది కూడా తిండితో పాటు ఎలుగుబంటి తెరవలేని డబ్బాలోకి వెళ్లాలి. పళ్ల పేస్టు, సబ్బు, దగ్గుమందు, వాసన ఉన్నదేదైనా అంతే. డబ్బాను, వంటచోటును గుడారాలకు 100 గజాల దూరంలో ఉంచండి. గుడారంలో ఒక్క చిక్కీ ముక్క కూడా వద్దు. ఎలుగుబంటి రాకపోయినా ఎలుకలు సంచిని కొరికేస్తాయి.

వాగునీరు ఎంత తేటగా ఉన్నా వడపోయకుండా, మరిగించకుండా తాగకండి. అందులో ఉండే జియార్డియా అనే పరాన్నజీవి వల్ల విరేచనాలు పట్టుకునేది చాలాసార్లు వారం, రెండు వారాల తర్వాత, ఇంటికి చేరాక. మరిగించేటట్టయితే పొంగు వచ్చాక ఒక నిమిషం, 6,500 అడుగులు దాటితే మూడు నిమిషాలు.

మలవిసర్జనకు బృందం ఒక గొయ్యి తవ్వితే దాన్నే వాడండి. లేకపోతే నీటికి, బాటకు, మకాంకు 200 అడుగులు, అంటే దాదాపు 70 పెద్ద అంగల దూరంలో 6 నుంచి 8 అంగుళాల లోతు గొయ్యి తీసి పూడ్చండి. నీళ్లతో కడుక్కునే అలవాటు ఉన్నవాళ్లు సీసాలో నీళ్లు అక్కడికే తీసుకెళ్లండి, వాగు దగ్గరకు వెళ్లడం మాత్రం కుదరదు.

పనిముట్లు: పేర్లు, మోసే తీరు

పులాస్కీకి ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు అడ్డంగా తిరిగిన తవ్వే అంచు. 1910 నాటి మహా దావానలంలో తన మనుషులను గని సొరంగంలోకి తీసుకెళ్లి కాపాడిన ఐడహో రేంజర్ ఎడ్ పులాస్కీ పేరు దానిది. వేళ్లు కొట్టడానికి, మట్టి తవ్వడానికి రెండింటికీ ఇదే. మెక్‌లియడ్‌కు ఒకవైపు పెద్ద పళ్ల దంతె, ఇంకోవైపు వెడల్పాటి రేకు. బాట ఉపరితలాన్ని సాపు చేయడానికి, చివర్లో అణగగొట్టడానికి. గ్రబ్‌హో మన పారకు దగ్గరి చుట్టం, అందుకే పొలం పని తెలిసినవాళ్ల చేతికి మొదటి రోజే అలవాటవుతుంది. షావెల్ వేరు, అది తవ్వేది కాదు, ఎత్తిపోసేది. దాంతో గట్టి నేలను పొడిస్తే పిడి విరుగుతుంది. రాక్‌బార్ అంటే గునపమే, కాకపోతే 16 నుంచి 18 పౌన్ల బరువు.

నడిచేటప్పుడు పనిముట్టును భుజాన వేసుకోకండి. బరువు సమంగా తూగే చోట పిడి పట్టుకుని, దిగువ వైపు చేతిలో, పదును నేలవైపు ఉండేలా పక్కన వేలాడదీయాలి. జారితే దాన్ని దిగువకు విసిరేసి మీరు ఎగువకు పడొచ్చు. మనిషికీ మనిషికీ కనీసం 10 అడుగుల ఎడం ఉండాలి. పనిచేసేటప్పుడూ అంతే: పనిముట్టు చేతిలో ఉండి చాపితే ఎంత దూరం తగులుతుందో, దాని మీద ఇంకో అంగ కలుపుకుని ఆ వలయంలోకి ఎవరినీ రానివ్వకండి. మీరు ఎవరినైనా దాటి వెళ్లాలంటే గట్టిగా పిలిచి, వాళ్లు పని ఆపి, పనిముట్టు దించి, మీ కళ్లలోకి చూశాకే కదలండి. కింద పెట్టేటప్పుడు బాటకు ఎగువ పక్కన, పదును కొండవైపు, పిడి దారివైపు ఉండేలా. దారి మధ్యలో పడేసిన మెక్‌లియడ్ పళ్ల మీద కాలు వేస్తే పిడి లేచి ముఖాన కొడుతుంది.

పులాస్కీని తల మీదకు ఎత్తి బలంగా కొట్టడం కొత్తవాళ్ల లక్షణం. అరగంటలో అలసిపోతారు, గురి తప్పుతుంది. భుజం ఎత్తు దాటకుండా ఎత్తి, దాని బరువుతోనే దిగనివ్వండి. కాళ్లు ఎడంగా, మోకాళ్లు కొంచెం వంచి. గంటకోసారి వేరే పనిముట్టు తీసుకుంటే ఒకే కండరం దెబ్బతినదు.

నీటిని దింపడం

కొండవాలు మీద చెక్కిన బాటను అడ్డంగా కోసి చూసినట్టు ఊహించుకోండి. ఎగువ పక్కన మట్టిగోడ, మధ్యలో నడిచే పలక, దిగువ పక్కన అంచు. కొత్తగా చెక్కినప్పుడు పలక కొద్దిగా బయటికి వాలి ఉంటుంది. 24 అంగుళాల వెడల్పున్న బాటకు బయటి అంచు లోపలి అంచు కన్నా అంగుళం నుంచి అంగుళంన్నర దిగువన ఉంటే చాలు, వాన నీరు పలుచటి పొరలా అడ్డంగా దాటి కిందికి పోతుంది. దానికి బలం ఉండదు, మట్టిని కోయలేదు.

కొన్నేళ్లకు రెండు మార్పులు వస్తాయి. ఎగువ నుంచి మట్టి, ఆకులు జారి లోపలి పక్కన పేరుకుంటాయి. అడుగుల ఒత్తిడికి పలక మధ్యలో అణిగి, ఆ మట్టి బయటి అంచున గట్టులా లేస్తుంది. ఇప్పుడు బాట దోనె ఆకారంలోకి మారింది. నీరు పల్లమెరుగు అంటారు కదా, దానికి పక్కకు దారి లేక బాట పొడవునా పారుతుంది. పారేకొద్దీ వేగం, వేగంతో కోత. అడుగు లోతు గాడి పడ్డాక జనం పక్కనున్న గడ్డి మీద నడుస్తారు, అక్కడ రెండో గాడి మొదలవుతుంది. పచ్చికబయళ్లలో పక్కపక్కనే నాలుగైదు గాళ్లు కనిపిస్తే కారణం ఇదే.

కాబట్టి మీ చేత చేయించే మొదటి పని తరచూ ఆ గట్టు తీయడం. క్రమం ఇది. ముందు లోపలి పక్కన పేరుకున్న మట్టిని గ్రబ్‌హోతో లాగి, అసలు పలక ఎంత వెడల్పో బయటపెట్టండి. తర్వాత బయటి గట్టును పలక మట్టం కన్నా కొంచెం దిగువ దాకా చెక్కండి. ఆ మట్టిని అంచు మీదే వదిలేస్తే మొదటి వానకే గట్టు తిరిగి తయారవుతుంది, కాబట్టి షావెల్‌తో దూరంగా, పలుచగా దిగువకు వెదజల్లండి. చివరికి మెక్‌లియడ్‌తో సాపు చేసి అణగగొట్టండి. సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి నీళ్ల సీసాను బాట మీద పడుకోబెట్టి వదలండి. బయటి అంచు వైపు దొర్లాలి. బాట పొడవునా దొర్లితే వాలు చాలలేదు. కదలకపోతే అసలు వాలే లేదు. కంటికి వాలు ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువే కనిపిస్తుంది, కంటిని నమ్మకండి.

ఎగువ మట్టిగోడను నిలువుగా కోయడం ఇంకో పొరపాటు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, కానీ చలికాలంలో గడ్డకట్టి కరిగే మట్టి నిలువుగా నిలవదు, మొత్తం బాట మీదే పడుతుంది. చుట్టూ ఉన్న కొండ వాలులోకి మెల్లగా కలిసేలా ఏటవాలుగా కోయండి.

బాట నిటారుగా దిగే చోట బయటి వాలు ఒక్కటే సరిపోదు. అక్కడ నీటిని మళ్లించే పల్లం కావాలి. పాత బాటల్లో దీనికి దుంగనో రాళ్ల వరుసనో ఏటవాలుగా పాతేవారు, దాన్ని వాటర్‌బార్ అంటారు. ఇప్పుడు ఎక్కువమంది ఇష్టపడేది మట్టితోనే బాటను కొద్దిగా దించి మళ్లీ లేపే వెడల్పాటి పల్లం, ఎందుకంటే దుంగ కుళ్లుతుంది, జనం దాన్ని తప్పించుకుని పక్క నుంచి నడుస్తారు. ఏదైనా సరే, అది బాటకు తిన్నగా అడ్డంగా ఉండకూడదు. కనీసం 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటేనే నీరు ఆగకుండా తిరుగుతుంది. తిన్నగా ఉంటే నీరు గుద్దుకుని ఆగి, మోసుకొచ్చిన ఇసుకనంతా అక్కడే దించేస్తుంది. ఒక్క చలికాలంలో పల్లం నిండిపోతుంది.

పూడిపోయిన పల్లాన్ని శుభ్రం చేసేటప్పుడు పని దిగువ నుంచి ఎగువకు సాగాలి. ముందు నీరు బయటికి పోయే నోరు ఎక్కడుందో వెతికి, దాన్ని తెరవండి. అక్కడి నుంచి వాలు తప్పకుండా బాటవైపు తవ్వుకుంటూ రండి. ఎగువ నుంచి మొదలుపెడితే చివరికి నోటి దగ్గర నేల ఎత్తుగా ఉందని తెలుస్తుంది, అప్పటికి గొయ్యి తవ్వి ఉంటారు. తీసిన మట్టి మంచిదైతే వాటర్‌బార్ దిగువ పక్కన ఆసరాగా వేసి తొక్కండి.

పొలం పని తెలిసినవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మడికి గండి కొట్టినట్టో, చెరుకు తోటలో బోదె తీసినట్టో సన్నగా, లోతుగా, నిలువు అంచులతో కాలువ తీయాలని చెయ్యి లాగుతుంది. పొలంలో దాన్ని రోజూ చూసుకునే మనిషి ఉంటాడు. ఇక్కడ మళ్లీ ఎవరైనా వచ్చేది రెండు మూడేళ్లకు కావచ్చు. సన్న కాలువ ఒక్క కొమ్మ పడితే మూసుకుపోతుంది, బూటు తొక్కితే అంచు కూలుతుంది. అందుకే పళ్లెంలా వెడల్పుగా, లోతు తక్కువగా, నడిచేవాడికి పల్లం ఉందని తెలియనంత మెత్తగా తీయాలి. నోరు లోపలి భాగం కన్నా వెడల్పుగా ఉండాలి. తీశాక సీసాడు నీళ్లు ఎగువన పోసి చూడండి. వాన పడుతుంటే ఇంకా మంచిది, నీరే తప్పు చూపిస్తుంది.

కొత్త ముక్క చెక్కాల్సి వస్తే రెండు కొలతలు గుర్తుపెట్టుకోండి. బాట ఎక్కుడు సగటున 10 శాతం, అంటే 100 అడుగుల దూరానికి 10 అడుగుల ఎత్తు, దాటకూడదు. కొండ పక్కవాలులో సగం కన్నా కూడా ఎక్కువ కాకూడదు: పక్కవాలు 16 శాతమే ఉన్నచోట బాట 8 శాతానికి మించితే నీరు అడ్డంగా దాటడం మానేసి బాటనే పట్టుకుంటుంది. అలాగే పైనున్న కుళ్లిన ఆకులు, సూదుల పొరను పూర్తిగా తీసి గట్టి మట్టి తగిలేదాకా వెళ్లాలి. కాస్కేడ్ పడమటి వాలు మీద ఈ పొర కొన్నిచోట్ల అడుగు మందం ఉంటుంది, నల్లగా మెత్తగా ఉండి మంచి నేల అనిపిస్తుంది. అది నీటిని పీల్చుకుని బురదవుతుంది. అదే పొరను దిగువ అంచున పోసి బాట వెడల్పు చేయడం ఇంకా తప్పు, ఏడాదిలో కుంగి మనిషి కాలు జారుతుంది. నడిచే పలక మొత్తం తవ్వని గట్టి నేల మీదే ఉండాలి.

వేళ్లను చూసిందల్లా నరకకండి. బాటకు అడ్డంగా, నేలమట్టంగా ఉన్న వేరు మట్టిని పట్టి ఉంచుతుంది, ఉండనివ్వండి. బాట పొడవునా సాగే వేరు నీటిని నడిపిస్తుంది, తడిస్తే కాలు జారుస్తుంది. తీయాల్సింది దాన్ని. లావు వేరు అయితే నాయకుడిని అడగండి.

పొదలు, దుంగలు

పొదలు కొట్టడం తేలికని కొత్తవాళ్లకు ఇస్తారు, తేడా వచ్చేది ఇక్కడే. మొక్కను నేలమట్టానికి కోయండి. చీలమండ ఎత్తున ఏటవాలుగా కోసిన మోడు మీద ఎవరైనా పడితే అది గుచ్చుకుంటుంది. చెట్టు కొమ్మ అయితే మొదలు దగ్గరున్న ఉబ్బు దాకా కోయాలి, మధ్యలో తుంచితే రెట్టింపు చిగుళ్లు వేస్తుంది. కోసినదాన్ని దిగువ వైపు, కోసిన కొన బాటకు కనిపించకుండా, నీటి నోళ్లకు అడ్డం పడకుండా వేయండి. డెవిల్స్ క్లబ్ అనే మొక్క ఆకుల కింద కూడా ముళ్లుంటాయి, తోలు తొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద కాపాడే అడవుల్లో, ఉదాహరణకు 1976లో ఆ హోదా వచ్చిన ఆల్పైన్ లేక్స్‌లో, మోటారు యంత్రాలకు అనుమతి లేదు. చెయిన్‌సా ఉండదు, చక్రాల బండి కూడా ఉండదు. పడిన చెట్లను ఇద్దరు పట్టి లాగే పొడుగు రంపంతో, అంటే క్రాస్‌కట్‌తో కోస్తారు. దాన్ని పట్టాలంటే శిక్షణ, ధ్రువపత్రం కావాలి. లేనివాళ్లు శిక్షణలో భాగంగా అనుభవజ్ఞుల కళ్లెదుట మాత్రమే పట్టాలి. పట్టే అవకాశం వస్తే ఒక్కటే సూత్రం: లాగడమే, నెట్టడం లేదు. అవతలి మనిషి లాగేటప్పుడు మీ పట్టు వదులు చేసి చేతిని వెంట వెళ్లనివ్వండి. నెడితే రేకు వంగి కోతలో ఇరుక్కుంటుంది. పదునైన రంపం సరిగ్గా నడిస్తే సేమ్యాలా పొడుగు పీచులు రాలుతాయి. పొడి రాలుతుంటే పదును పోయిందో, పట్టు తప్పిందో.

కోసేముందు దుంగ ఎక్కడ ఆనుకుందో చూడాలి. రెండు కొనలూ నేలకు ఆని మధ్యలో తేలుతుంటే పైభాగం నొక్కుకుని ఉంటుంది, పైనుంచి కోసేకొద్దీ కోత మూసుకుని రంపాన్ని పట్టేస్తుంది. అలా మూసుకోకుండా కోతలో వెడ్జ్‌లు, అంటే ప్లాస్టిక్ చీలలు, కొడతారు. ఒక కొన గాల్లో ఉంటే దీనికి తిరగబడుతుంది: పైభాగం సాగి ఉంటుంది, కోత సగమైనా కాకముందే హఠాత్తుగా చీలి పడొచ్చు. రంపం పట్టనివాళ్ల బాధ్యత దుంగకు దిగువన ఎవరూ లేకుండా చూడటం. తెగిన ముక్క వాలు మీద దొర్లడం మొదలయ్యాక ఆపడం ఎవరి తరమూ కాదు.

రాతిమెట్లు

మెట్టుకు ఎంచుకునే రాయి ఒక్కరు సులువుగా ఎత్తగలిగేదైతే చిన్నది. 100 పౌన్లు దాటినవే నిలుస్తాయి. వాటిని ఎత్తకండి, గునపాలతో మీటుకుంటూ, దొర్లించుకుంటూ తేవాలి. మీటేటప్పుడు వేళ్లు రాయి కిందికి వెళ్లకూడదు, సందులో పెట్టేది చిన్న రాళ్లనే. దొర్లే దారికి దిగువన మనిషి ఉండకూడదు. రాయి చేయి జారితే వెంటనే "రాక్" అని అరవాలి. ఎవరైనా అలా అరిస్తే పైకి తలెత్తి చూస్తూ నిలబడకుండా పక్కకు జరగండి.

మెట్ల వరుస కింది నుంచి మొదలవుతుంది. ప్రతి రాయిలో ఎక్కువ భాగం నేలలో ఉండాలి, పై మెట్టు కింది మెట్టు వెనుక అంచు మీద కూర్చోవాలి. ఎత్తు 6 నుంచి 8 అంగుళాలు. అంతకన్నా ఎక్కువైతే జనం మెట్లు వదిలి పక్క మట్టి మీద ఎక్కుతారు, మీ పని వృథా. వెనుక ఖాళీల్లో మట్టి కాదు, చిన్న రాళ్లు దట్టించాలి, మట్టి కొట్టుకుపోతుంది. పెట్టాక దాని మీద ఎక్కి నాలుగు మూలలా గట్టిగా తొక్కండి. కొంచెం ఊగినా తీసి మళ్లీ పెట్టండి. ఒక జట్టు రోజంతా కష్టపడి రెండు మూడు మెట్లే పెట్టడం మామూలే, కంగారుపడి తొందరించకండి.

ఒంటి మీద కన్ను

మడమ దగ్గర మంట మొదలైన నిమిషంలోనే పని ఆపి టేపు వేయండి. బొబ్బ లేచాక వేసేది చికిత్స, ముందు వేసేదే నివారణ. గంటకు అర లీటరు నీళ్లు. వణుకుతున్న మనిషి వణుకు ఆగి మాట ముద్దగా వస్తుంటే, చేతిలో వస్తువులు జారుతుంటే శరీరం ప్రమాదకరంగా చల్లబడుతోందని అర్థం. తడి బట్టలు మార్చి, నిద్రసంచిలో చుట్టి, స్పృహలో ఉంటే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి. నాయకుడిని వెంటనే పిలవండి.

ఆగస్టు నుంచి నేలలో గూళ్లు కట్టే పసుపు కందిరీగలు ఇక్కడి పనిలో అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యే ప్రమాదం. పులాస్కీ దెబ్బ గూటి మీద పడితే పనిముట్టు వదిలేసి పరుగెత్తండి, దాన్ని తర్వాత తెచ్చుకోవచ్చు. తర్వాత ఆ చోటికి రెండు వైపులా రంగు రిబ్బను కట్టి, ఆ ముక్క వదిలేసి ముందుకు సాగుతారు.

భోజనానికి కూర్చునే ముందు, గుడారం వేసే ముందు తలెత్తి చూడండి. ఎండిపోయి నిలబడ్డ చెట్టు, పైన ఇరుక్కున్న విరిగిన కొమ్మ ఉంటే అక్కడ వద్దు. కాలిన అడవిలో గాలి లేస్తే పని ఆపి బయటికి రావడమే. మంచు కరిగే రోజుల్లో వాగులు సాయంత్రానికి ఉబ్బుతాయి, పొద్దున మోకాలి లోతు దాటిన వాగు తిరుగు ప్రయాణంలో తొడ దాకా ఉండొచ్చు. దాటేటప్పుడు వీపు సంచి నడుము పట్టీ విప్పి ఉంచండి.

సూచన అర్థం కాకపోతే మళ్లీ అడగండి. ఆంగ్లంలో పనిముట్ల పేర్లు, కేకలు కొత్తగా ఉంటాయి, తలూపి తర్వాత తెలుసుకుందాం అనుకోవడం ఈ పనిలో ప్రమాదం. అలసిపోయానని చెప్పడం కూడా అంతే. మధ్యాహ్నం రెండు తర్వాత చేతులు గురి తప్పుతాయి, అందరికీ.

చివరి రోజు

పాత గాడిని మూసి కొత్త ముక్క తెరిచినట్టయితే, పాతదాన్ని అలాగే వదలకండి. కనిపించినంత మేర దుంగలు, రాళ్లు, వేళ్లతో లేచిన మొక్కలు, ఆకులు పరిచి అడవిలా చేయాలి. మలుపు దగ్గర మొదటి 30, 40 అడుగులు దాచడం ముఖ్యం, కన్ను పాత దారిని పట్టుకుంటే కాలూ అటే పోతుంది. లోపల నీరు పారకుండా అక్కడక్కడా అడ్డుకట్టలు వేయండి.

పనిముట్ల మట్టి గీకి, తడి తుడిచి, పదును మీద తొడుగులు ఎక్కించండి. పిడిలో చీలిక గానీ, తల వదులు గానీ కనిపిస్తే రిబ్బను కట్టి నాయకుడికి విడిగా ఇవ్వండి, లేకపోతే వచ్చే బృందంలో ఎవరి చేతిలోనో అది విరుగుతుంది. తర్వాత, మొదట వచ్చిన రోజు రాసుకున్న జాబితాతో ఒక్కొక్కటీ లెక్కపెడతారు. ఆకుల్లో పడుకోబెట్టిన చేతిరంపం, వాగు ఒడ్డున మరిచిన గునపం సాధారణంగా ఈ లెక్కలోనే దొరుకుతాయి. లెక్క సరిపోయేదాకా సంచి భుజాన వేసుకోకండి.